నడిమి గది బీరు

చీకటి దశమి

కిందిగుహ తోటమనిషి నూకాలు పంపిన, బీరుకు చేదూ వాసనా ఇచ్చే హాప్ పువ్వుల సంచి ఈ పొద్దున వచ్చింది. మూతి విప్పగానే ముక్కు మూసుకున్నాను. రోజుల తరబడి విప్పని మేజోళ్ళ కంపు. పచ్చగా ఉండాల్సిన పువ్వులు ఎండుగడ్డి రంగుకు తిరిగాయి. అరచేతిలో వేసి నలిపితే పసుపు పొడి జిగురుగా అంటుకోవాలి. పొట్టు రాలింది, అంతే.

కావాలనే పంపింది. అందులో నాకు అనుమానం లేదు.

బీరు కాచే మనిషి ఏ రోజు ఏం చేసిందో రాసిపెట్టాలని ఒప్పందంలో ఉంది కాబట్టి రాస్తున్నాను. లేకపోతే ఆమె పేరు రాయడానికి కూడా నాకు చెయ్యి రాదు. చంద్రుడి లోపల మనుషులు బతికే గుహలు రెండే. మాది మీదిగుహ, వాళ్ళది కిందిగుహ. మంచు తవ్వి నీళ్ళు చేసేది మేము, తోటలు పెంచేది వాళ్ళు. రెండు గుహల మధ్య తలుపు మూసేసిన గొడవలో రెండు వైపులా మనుషులు చచ్చిపోయాక, ఇక చావులు చాలనుకుని పెద్దలు ఈ బీరు పెట్టారు. ఏడాదికోసారి మేం ధాన్యం మొలకెత్తించి ఎండబెట్టిన మాల్ట్, వాళ్ళ హాప్స్ కలిపి ఒక్క బాన కాచాలి. రెండు గుహలకూ మధ్యనున్న నడిమి గదిలో కూర్చుని అందరూ తాగాలి. ఏ వైపువాళ్ళు తాగకపోయినా ఒప్పందం పోయినట్టే. అప్పుడు మేము నీళ్ళు కట్టేస్తాం, వాళ్ళు కూరలు ఆపేస్తారు, తలుపులు మళ్ళీ మూసుకుంటాయి.

పోయినవాళ్ళలో నూకాలు మొగుడొకడు. ఆ రోజు తలుపు మూసింది మా అన్నయ్య సింహాద్రి. ఇప్పుడు నీళ్ళ పెద్ద కూడా అతనే. అతని చెల్లెలిగా నా మీద ఆమెకు ఎంత పగ ఉండాలో అంతా ఉంది. మావాళ్ళను చంపినవాళ్ళ తోటమనిషిగా ఆమె మీద నాకూ అంతే ఉంది.

ఈ ఏడు మబ్బు బీరు కాచమన్నాడు అన్నయ్య. లేత బంగారు రంగులో ఉండాలి. గ్లాసు వెనక వేలు పెడితే కనబడకూడదు. నోటి దాకా రాకముందే మామిడిపండు వాసన రావాలి. మామిడిపండు తిన్నవాళ్ళు మా గుహలో నలుగురైదుగురు ముసలివాళ్ళే మిగిలారు. వాళ్ళు ఉండగా ఒక్కసారి ఆ వాసన చూపించాలని అతని పట్టు. ఇక్కడ బరువు తక్కువ కాబట్టి మడ్డి తొందరగా అడుగుకు దిగదు, మబ్బు దానంతటదే వస్తుంది. నాలుక మీద మెత్తదనానికి మాత్రం గోధుమ మాల్ట్, ఓట్స్ అటుకులు కావాలి. అవి నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. వాసన మాత్రం పువ్వుల్లోంచే రావాలి. 'మామిడిపువ్వు' అని మేం పిలిచే రకం కావాలని స్పష్టంగా కబురు పెట్టాను. ఆవిడ పంపింది ఈ చెత్త.

సంచిని వెనక్కి పంపాను. అడుగున గుప్పెడు మాడిన మాల్ట్ కూడా వేశాను, ఆమె ఎవరికి ఏం పంపుతోందో అర్థం కావాలని.


చీకటి ద్వాదశి

జవాబు వచ్చింది. "ఉన్నవి అవే." దాని మీద ఇంకొక మాట లేదు. నేనే దిగి వెళ్ళాను.

కిందిగుహలో అడుగుపెట్టి చాలా కాలమైంది. నన్ను చూసి మాట్లాడుతున్నవాళ్ళు ఆపేశారు. ఒకామె బిడ్డను లోపలికి లాక్కుని తెర వేసుకుంది. నాకేమీ చిన్నతనం అనిపించలేదు. మా గుహకు వాళ్ళు వచ్చినా అంతే చేస్తాం.

హాప్ తోట సొరంగం చివర ఉంది. తీగలు తాళ్ళ మీదుగా కప్పు దాకా పాకి ఉండాలి. సగం తాళ్ళు ఖాళీగా వేలాడుతున్నాయి. ఉన్న తీగలకు ఆకుల అంచులు నిప్పు తగిలినట్టు మాడి ఉన్నాయి. మొదళ్ళ దగ్గర మట్టి మీద తెల్లటి పొర కట్టింది. నూకాలు గోడకు ఆనుకుని కత్తెరకు పదును పెడుతోంది. బక్కపలచటి మనిషి. నాకంటే పదేళ్ళు పెద్దదై ఉంటుంది. నన్ను చూసి కూడా లేవలేదు.

తోటను ఇలా చంపుకున్నందుకు సిగ్గుండాలన్నాను. పని చేతకాకపోతే ఒప్పుకోవాలి గానీ కుళ్ళిన పువ్వులు పంపి ఒప్పందాన్ని ఎగతాళి చెయ్యకూడదన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆమె చివరి దాకా విని, లేచి, పక్కనున్న పంపు తిప్పి ఒక లోటా నింపి నా ముందు పెట్టింది.

"తాగు," అంది.

పగవాళ్ళయినా నీళ్ళిస్తే తాగాలి. ఒక గుక్క తాగాను. ఉప్పు. ఆ ఉప్పు వెనక నాలుక మూలల్లో మందులాంటి చేదు. మింగలేక మింగాను. నాకు బుద్ధి చెప్పడానికి లోటాలో ముందే ఏదో కలిపిందనుకున్నాను. లోటా పారబోసి, నా చేత్తో కడిగి, పంపు నేనే తిప్పి పట్టుకున్నాను. అదే రుచి. సొరంగం మొదట్లో ఇంకో పంపు ఉంటే అక్కడికీ వెళ్ళి చూశాను. అక్కడా అదే.

తిరిగి వచ్చేసరికి ఆమె అక్కడే నిలబడి ఉంది.

"పోయినేడు కోతలయిన కాణ్ణుంచీ ఇదే నీరు," అంది. "మొక్కలు సచ్చిపోతన్నాయి. మేం తాగుతన్నాం. మీ అన్నకి కబురంపితే మాది నోటి రోగం అన్నాడంట. ఇప్పుడు నీ నోటికీ వొచ్చిందేటి రోగం?"

లోటా ఆమె చేతికిచ్చి వెనుదిరిగాను. మెట్లెక్కుతుంటే వెనక నుంచి ఎవరో ఉమ్మిన చప్పుడు వినిపించింది.


చీకటి త్రయోదశి

అన్నయ్యను నీళ్ళ యంత్రాల గదిలో పట్టుకున్నాను. అబద్ధమాడతాడనుకున్నాను. ఆడలేదు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

వడపోత పొరలు చాలావరకు చిరిగిపోయాయట. కొత్తవి భూమి నుంచి ఓడలో రావాలి. ఆ ఓడ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేదు. మిగిలిన పొరలు ఒక గుహకు సరిపడా నీళ్ళే వడకట్టగలవు. మంచి నీళ్ళు మాకు తిప్పి, వడపోతలో మిగిలిపోయిన ఉప్పునీళ్ళలో కొన్ని మంచినీళ్ళు కలిపి కిందికి వదులుతున్నాడు. తాగితే చావరు, కొలిచే చూశానన్నాడు. ఈ సంగతి అతనికి, యంత్రాల దగ్గర పనిచేసే ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు.

అందరికీ సమంగా కలిపి పంచొచ్చు కదా అన్నాను.

"అప్పుడు రెండు గుహలకీ ఉప్పే," అన్నాడు. "మనోళ్ళకి సెప్పి సూడు. నీ పిల్లలు ఉప్పునీరు తాగాల, మనోళ్ళని సంపినోళ్ళ కోసం తాగాల అని సెప్పు. ఎంతమంది ఒప్పుకుంటారో సూద్దాం."

ఎవరూ ఒప్పుకోరు. అది అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

నోరు మూసుకుని బీరు కాచమన్నాడు. కాపుకు కావలసిన మంచినీళ్ళు నడిమి గదికి విడిగా గొట్టం వేసి వదులుతానన్నాడు. కిందివాళ్ళు కూడా ఆ ఒక్క పూట మంచినీళ్ళ బీరు తాగి సంతోషిస్తారట. ఆ మాట అన్నప్పుడు అతని ముఖం చూశాను. నిజంగానే వాళ్ళకు మేలు చేస్తున్నాననుకుంటున్నాడు.

చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే తన వాటా నీళ్ళు కూడా నాకే పట్టించిన మనిషి ఇతను. ఇంటికొచ్చి చాలాసేపు మాల్ట్ బస్తాలు అటూ ఇటూ ఈడ్చాను. వాటిని ఈడ్చాల్సిన పనేమీ లేదు.


వెలుగు విదియ

సూర్యుడొచ్చాడు. ఇక్కడ పదిహేను రోజులు చీకటి, పదిహేను రోజులు వెలుగు. మళ్ళీ చీకటి పక్షం వచ్చేదాకా పొయ్యికి కరెంటు ఉంటుంది. కాపు ఇప్పుడే పెట్టాలి.

నడిమి గదిలోకి కాపు సమయంలో మా వైపు నుంచి ఒకరు, వాళ్ళ వైపు నుంచి ఒకరు తప్ప మూడో మనిషి రాకూడదు. నూకాలు వచ్చింది. గొట్టం చూపించి, ఇందులో మంచినీళ్ళు వస్తాయి, కానీ ఈ కాపు మీ నీళ్ళతో పెడదామనుకుంటున్నానని చెప్పాను.

ఆమె నమ్మలేదు. బీరు పాడైతే మా పువ్వుల మీదకు తోస్తావు, ఒప్పందం మేమే చెడగొట్టామంటావు, నీళ్ళు కట్టేస్తారు, ఇదంతా మీ అన్నా చెల్లెళ్ళ ఎత్తు అంది. కాదని ఒట్టు వేస్తానంటే, మీ ఒట్లు మాకు తెలుసంది. నాకూ ఒళ్ళు మండింది. అలాగైతే నీ కుళ్ళు పువ్వులతో, మా మంచినీళ్ళతో కాచి పారేస్తాను, నీ ముంతెడు ఉప్పునీళ్ళు నువ్వే తాగు, నాకేం పోయిందన్నాను. ఇద్దరం చెరో గోడవైపు తిరిగి నిలబడ్డాం.

చివరికి ఆమె అడిగింది. "పువ్వుల మీదికి నెపం రాకుండా కాయగలవా?"

కాయగలను. ఆలోచించి పెట్టుకున్నది అదే. మాల్ట్ మీద గానీ, హాప్స్ మీద గానీ ఎవరూ వేలు పెట్టి చూపలేనంత బాగా ఉండాలి ఆ బీరు. అప్పుడిక తప్పు పట్టడానికి మిగిలేది నీళ్ళే.

అక్కడి నుంచి మాల్ట్ దగ్గర కూర్చున్నాం. ఎక్కువ భాగం లేత మాల్ట్. దానికి రంగు రాదు, బిస్కెట్టు లాంటి చిన్న తీపి వస్తుంది. దానికి నాలుగో వంతు దాకా గోధుమ. ఓట్స్ అటుకులు అంతకన్నా కొంచెం తక్కువ, ఎక్కువైతే నోట్లో జావలా సాగుతుంది. వేయించిన మాల్ట్ ఒక్క గింజ కూడా వద్దన్నాను. రంగు కోసం కొంచెం వెయ్యమంది ఆమె. ఆ మాడు రుచి వస్తే ఉప్పు దాని వెనక దాగిపోతుందని చెప్పాక ఊరుకుంది.

హాప్స్ దగ్గర నిజమైన గొడవ వచ్చింది. 'చేదుగుత్తి' రకం ఆమె దగ్గర ఇంకా బాగానే ఉంది. అదే వెయ్యమంటుంది. కాగేటప్పుడు పిడికెడు వేస్తే చాలు, మిగతాదంతా మామిడిపువ్వూ, నారింజ వాసన వచ్చే ఇంకో రకమూ ఉండాలన్నాను నేను. అవి కూడా పొయ్యి ఆపి, వేడి తగ్గాకే వెయ్యాలి. కాగితే వాసన ఆవిరై పోయి చేదే మిగులుతుంది. కొన్ని దాచిపెట్టి, పులియడం అయిపోవస్తున్నప్పుడు చల్లటి బీరులోనే మళ్ళీ వెయ్యాలి.

మామిడిపువ్వు తీగలు బతికున్నవి నాలుగేనట. వాటి పువ్వులు కోసేస్తే పై ఏటికి దుంపలు నిలబడతాయో లేదో తెలియదట. వాటికి ఉప్పు రాకముందు దాచుకున్న తాగునీళ్ళు పోసి బతికిస్తున్నానంది. తన వాటాలోంచి. ఆ మాట చెప్పి నా వైపు చూడలేదు.

కొయ్యమని నేను అడగలేదు. పడుకునే వేళలోగా సంచి తెచ్చి బల్ల మీద పెట్టింది. నలిపితే అరచెయ్యి పసుపైంది. ఆ వాసన నాకు తెలిసిన దేనిలాగా లేదు. ఒక్క క్షణం ఇద్దరం ఏం తిట్టుకోవాలో మరిచిపోయాం.


వెలుగు చవితి

కాచాం.

నీళ్ళు ఆమె డబ్బాల్లో మోసుకొచ్చింది. ఇక్కడ డబ్బా తేలికే గానీ లోపల నీళ్ళు ఊగి మనిషిని పక్కకు లాగేస్తాయి. సాయం పట్టబోతే వద్దంది. మాల్ట్ నూకను వేడినీళ్ళలో నానబెట్టి, తీపి కషాయం వడకట్టి, పెద్ద బానలోకి ఎత్తాం. గదంతా ఉడికిన గోధుమ వాసన.

మరుగుతున్నప్పుడు మళ్ళీ తగువు. మరిగేకొద్దీ నీళ్ళు తగ్గి ఉప్పు చిక్కబడుతుంది. తగ్గిన మేరకు గొట్టంలో మంచినీళ్ళు పట్టి పోస్తున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ. గట్టిగానే తగలనీ ఆళ్ళకి."

"మీరు తాగేది ఎంత ఉప్పో అంతే ఉండాలి," అన్నాను. "చుక్క ఎక్కువున్నా మా అన్నయ్య దాన్నే పట్టుకుంటాడు. చుక్క తక్కువైతే నువ్వు నన్ను పట్టుకుంటావు."

చెయ్యి వదిలింది. కానీ ప్రతి చెంబుకూ ముందు ఆమె రుచి చూసి సరే అనేదాకా నన్ను పొయ్యనివ్వలేదు. పొయ్యి ఆపి, ఆవిరి తగ్గాక పువ్వులు వేశాం. పులియడానికి ఈస్ట్ చల్లి మూత బిగించాం. తాళం ఒకటి ఆమెది, ఒకటి నాది.


వెలుగు దశమి

రెండో విడత పువ్వులు వేశాం. మూత తియ్యగానే వాసన తలుపు సందుల్లోంచి రెండు గుహల్లోకీ పాకింది. మా ముసలి పైడమ్మ గోడ పట్టుకుని నడిమి గది దాకా వచ్చిందట. తలుపు బయట నేల మీద కూర్చుండిపోయి, మామిడితోట, మామిడితోట అంటూ ఏడ్చిందట.

అన్నయ్య కూడా వచ్చాడు. చాలా సంతోషంగా ఉన్నాడు. ఒక్క గుక్క రుచి చూపించమన్నాడు. పండగకు ముందు ఎవరూ తాగకూడదని ఒప్పందంలో ఉందని తలుపు సందులోంచి చెప్పాను. నవ్వి, నన్ను మెచ్చుకుని వెళ్ళిపోయాడు.

ఇప్పటికీ ఆపవచ్చు. బాన పగిలిందని చెప్పవచ్చు. ఆ మాట నూకాలుతో అంటే ఆమె మూత మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.


పున్నమి

వెలుగు పక్షానికి ఇది ఆఖరి రోజు. నడిమి గది నిండింది. ఎప్పటిలాగే వాళ్ళు ఒక గోడకు, మేము ఇంకో గోడకు. మధ్యన బాన.

నేను పోశాను, నూకాలు అందించింది. నురగ ఇక్కడ తొందరగా కూలదు, గ్లాసు పైన మెత్తగా నిలబడి ఉంటుంది. దాని కింద పసుపుపచ్చటి మబ్బు. అందరూ ముందు వాసనే చూశారు. కొందరు కళ్ళు మూసుకున్నారు. మా వైపున ఎవరో చప్పట్లు కొట్టారు. అన్నయ్య లేచి రెండు మంచి మాటలు చెప్పి గ్లాసు ఎత్తాడు.

అందరూ తాగారు.

మా వైపు ముఖాలు ఒక్కసారిగా మారిపోయాయి. ఒకడు నేల మీదే ఉమ్మేశాడు. ఇంకొకామె గ్లాసులోకి తొంగి చూసి పక్కామెను అడిగింది. కిందివాళ్ళను చూశాను. వాళ్ళు తాగుతున్నారు. నెమ్మదిగా, ఇష్టంగా. ఒక ముసలాయన మీసానికంటిన నురగ తుడుచుకుని గ్లాసు మళ్ళీ ముందుకు చాపాడు.

పైడమ్మ లేచి ఆ గోడ దగ్గరకు వెళ్ళింది. ఎన్నో ఏళ్ళుగా మావాళ్ళెవరూ దాటని నేల అది. ఆ ముసలాయన ముందు నిలబడి అడిగింది.

"ఏటయ్యా, ఇంత ఉప్పగా ఉంటే ఎలా తాగుతన్నావు?"

ఆయన ఇంకో గుక్క తాగి చూశాడు. "ఉప్పుందా?" అన్నాడు. "మాకు తెలవడం నేదు తల్లీ."

ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు. మావాళ్ళు గ్లాసులు దించారు.

అన్నయ్య నా వైపు చూశాడు. అప్పటికే అతనికి అర్థమైపోయింది. గ్లాసు ఎత్తి, ఆపకుండా చివరి దాకా తాగి, బోర్లించి చూపించాడు. కాపు బాగుంది, ఒప్పందం నిలిచింది, అందరూ తాగండని గట్టిగా చెప్పాడు. మావాళ్ళు కదల్లేదు. పైడమ్మ వెనక్కి తిరిగి, ఏ నీళ్ళతో కాచావే అని నన్ను అడిగింది. చెప్పాను. పొరల సంగతి కూడా చెప్పాను. మా అన్నయ్య ముఖం చూస్తూనే చెప్పాను.

ఆ తరవాత జరిగిన అరుపులు రాయను. పైడమ్మ మాత్రం అక్కడే, వాళ్ళ గోడకు ఆనుకుని కూర్చుని, ముఖం చిట్లిస్తూ, గుక్క గుక్కకీ ఆగుతూ, గ్లాసు ఖాళీ చేసింది. ఆమెను చూసి ఇంకొకరు. తరవాత ఇంకొందరు. చాలామంది నన్ను శపిస్తూ తాగారు. కానీ తాగారు.


చీకటి తదియ

రెండు గుహల పెద్దలూ కూర్చున్నారు. నీళ్ళన్నీ ఒకటిగా కలిపి నడిమి గది పంపులో అందరికీ సమంగా వదలాలని తేల్చారు. యంత్రాల పని పూర్తిగా తెలిసినవాడు వేరే లేడు కాబట్టి అన్నయ్యే నీళ్ళ పెద్దగా ఉన్నాడు. నీళ్ళు వదిలేటప్పుడు కిందిగుహ మనిషొకడు పక్కన ఉంటాడు.

మా ఇంటి గుమ్మం బయట నా పరుపు చుట్టచుట్టి పెట్టి ఉంది. పెట్టింది అన్నయ్యే. తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది. సందులో నడుస్తుంటే తలుపులు మూసుకున్నారు. ఒకామె, నా చిన్ననాటి స్నేహితురాలే, బిడ్డకు పాలపొడి కలిపిన గిన్నె తెచ్చి నా కాళ్ళ ముందు పారబోసింది. బిడ్డ ఉప్పుకు తాగడం లేదట. కిందిగుహలో ఇన్నాళ్ళూ బిడ్డలు ఏం తాగారని అడగవచ్చు. ఆమె ముఖం చూస్తూ అడగలేకపోయాను.

కిందికి వెళ్ళాను. అక్కడ కూడా ఎవరూ ఎదురు రాలేదు. సింహాద్రి చెల్లెలు సింహాద్రి చెల్లెలే. నూకాలు హాప్ తోటలో ఖాళీ తాళ్ళ కింద చోటు చూపించింది.

"రేపట్నుంచి మట్టి మార్చాల," అంది. "ఊరికే కూకుంటే కుదరదు."


చీకటి ఏకాదశి

నడిమి గది పంపు దగ్గర నీళ్ళకు నిలబడ్డాను. నాకు ముందు అన్నయ్య ఉన్నాడు. తలుపు దగ్గర అతన్ని చూసినప్పుడు వెనక్కి పోదామనుకున్నాను గానీ, వెనక మనుషులున్నారు.

అతను బిందె పెట్టి పంపు తిప్పాడు. చిక్కిపోయాడు. బిందె నిండేదాకా గోడ వైపే చూశాడు. నిండాక ఎత్తలేదు. అలాగే వంగి ఉండి, నా వైపు తిరక్కుండా అన్నాడు.

"టీ ఇరిగిపోతంది. ఎన్నిసార్లు పెట్టినా."

పండగ తరవాత అతను నాతో అన్న మొదటి మాట అది.

"మాకూ విరుగుతోంది," అన్నాను.

అప్పుడు తల తిప్పి చూశాడు. ఆ 'మాకూ' అతనికి ఎక్కడ తగిలిందో కనబడింది. బిందె ఎత్తుకుని మీదిగుహ మెట్ల వైపు వెళ్ళిపోయాడు. నేను నా డబ్బా పంపు కింద పెట్టాను.